హారన్ మామ వ్యాను, అత్త కరెంటు బ్రష్షు

పొద్దున్నే టీ కొట్టు బల్ల మీద హారన్ మామ గొంతు సవరించుకున్నాడంటే చాలు, టైలరూ సెలూన్ అతనూ గ్లాసులతో సహా దగ్గరికి జరుగుతారు. ముప్ఫయ్యేళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆ రోజు ఆయన బావమరిది కూడా ఓ పక్కన కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.

"మంచమూ పొయ్యీ లోపలే ఉన్న వ్యాను కొన్నానా, మీ అత్తని ఎక్కించుకుని పది రోజులు కొండల్లోకి పోయానా. రెండోరోజు పొద్దున్నే ఆవిడ కరెంటు బ్రష్షు ఆగిపోయింది. చిగుళ్లకి కుట్లు పడ్డాయి, మామూలు బ్రష్షు ముట్టుకోవద్దన్నాడు పళ్ల డాక్టరు. తోముకోందే కాఫీ తాగను, కాఫీ తాగందే పొయ్యి వెలిగించను అని కూర్చుంది. ఇక నా గతేంటి? వ్యాన్లో ప్లగ్గుంది గానీ బండి నడుస్తుంటేనే కరెంటు. బ్రష్షు నిండాలంటే పన్నెండు గంటలు. అంచేత పన్నెండు గంటలూ బ్రేకు మీద కాలు పెట్టలేదు."

"మరి మలుపుల్లో?" అన్నాడు టైలరు.

"హారన్ కొట్టాను, మలుపులే తప్పుకున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఘాట్ దిగే జోరుకి ఛార్జింగు మోతాదు మించిపోయింది. గ్లాసులో పెట్టిన బ్రష్షు గ్లాసుతో సహా వ్యానంతా తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే డీజిలు అయిపోయింది. ఎదురుగా నిట్టనిలువు ఎత్తు. నేను కంగారు పడతానా, బ్రష్షు తీసి వెనక చక్రానికి ఆనించి మీట నొక్కాను. పైకొచ్చి చూసుకుంటే మూడు లారీల్ని దాటేశాం."

సెలూన్ అతను గ్లాసు కింద పెట్టాడు. "లారీవాళ్లు ఏమన్నారు మామా?"

"మేం కనబడితేగా అనడానికి. అవతల ఏరు, వంతెన కొట్టుకుపోయి ఉంది. బ్రష్షు వెనకాల నీళ్లలో ముంచాను, వ్యాను పడవలా సాగింది, పేస్టు నురగ ఒడ్డుదాకా. ఆవలి ఊళ్లో కరెంటు లేదు. ఆసుపత్రిలో ఒకాయన పొట్ట కోసి పెట్టుకుని డాక్టర్లు బిక్కమొహాలేశారు. బ్రష్షు తీసుకెళ్లి గోడకి గుచ్చానా, ఊరంతా లైట్లు. ఆపరేషన్ అయింది, పిండిమర తిరిగింది, అయినా బ్రష్షులో ఇంకా సగం మిగిలింది."

"ఇంతకీ అత్త పళ్లు తోముకుందా?" అన్నాడు టైలరు.

"తోముకుని నవ్విందయ్యా. ఎదురొచ్చే బళ్లవాళ్ల కళ్లు చెదురుతాయని వ్యానుకి కర్టెన్లు కట్టాను."

బావమరిది గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు.

"బావా, ఆ పది రోజులూ వ్యాను మా పెరట్లోనే ఉంది. ఇంజను విప్పి మెకానిక్కు షెడ్డుకి పట్టుకెళ్లాడు. మా వంటింటి కిటికీలోంచి వైరు లాగి బ్రష్షుకి ఛార్జింగు పెట్టింది నువ్వే."

మామ గ్లాసులోకి చూస్తూ అడిగాడు.

"మీ అక్క ఏమన్నా అందా?"

"అక్కా? పొద్దున్నే వ్యాను తలుపు తెరుచుకుని, మా దండెం మీది బట్టలు చూస్తూ మీరిద్దరూ కాఫీ తాగారు చూడూ, ఇన్నేళ్లలో అంత హాయిగా ఎప్పుడూ లేదంది. మా ఆవిడతో చెబుతుంటే విన్నాను."

హారన్ మామ మొహం మెల్లగా విచ్చుకుంది.

"ఇంజను ఎల్లుండి బిగిస్తాడట," అన్నాడు. "ఈసారి నువ్వూ మీ ఆవిడా కూడా రండి."