వక్కరంగు చీర

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఒక మిట్టమధ్యాహ్నం, ఓర్వకల్లు హంపమ్మను ఆమె బావ ఉరుకుందప్ప బండి కట్టుకుని మహానందిశెట్టి బట్టలంగడికి తీసుకొచ్చాడు. హంపమ్మ మొగుడు పోయి రెండేండ్లు. చీకటి కొట్టులాంటి ఆ అంగట్లో శెట్టి కొత్తగా బిగించిన గొట్టం లైటు తెల్లగా వెలుగుతోంది.

“మొగుడు పోయిన ఆడదానికి కుంకుమరంగు చీర అమ్ముతావా శెట్టీ? నీ కండ్లు యాడికి పోయినాయప్పా?”

“కేకలెయ్యాకు ఉరుకుందప్పన్నా, బేరాలు పారిపోతాయి. నేనమ్మింది వక్కరంగు చీర.”

“వక్కరంగా? మే హంపమ్మా, విప్పు ఆ మూట! సూడు శెట్టీ, ఇది... ఇది...”

“చెప్పన్నా. ఏం రంగు?”

“ఇప్పుడు వక్కరంగు మాదిరే ఉండాది.”

“నేనూ అదే చెప్తాండా గదా బావా, పొద్దన్నుంచి.”

“నువ్వు గమ్మునుండుమే! శెట్టీ, తిరణాల్లో ఊరంతా సూసినారప్పా. మండే పొయ్యి మాదిరి ఈమె నడిచొస్తాంటే పూజారి మంత్రం మర్చిపోయినాడు!”

“ఆయనకు మంత్రం వచ్చునని ఇప్పుడే వింటాండా.”

“నవ్వులాటనా నీకు? పట్టుకో చీర. రా బయటికి, ఎండలో సూడు!”

“వస్తాండా, వస్తాండా... అమ్మో! ఎర్రదే అన్నా.”

“ఏమంటి నేను?”

“మళ్లీ లోపలికి రా. ఇప్పుడు?”

“వక్క... ఏం మాయప్పా ఇది?”

“మాయ కాదన్నా, గొట్టం. ఉండు, పరీక్ష పెడ్తాం. ఎరుపొకటి, నీలమొకటి, రెండు పీలికలు. ఎండలో రెండూ బాగుండాయా? ఎండకు నూటికి నూరు. ఇంక లోపల గొట్టం ఆర్పి కందిలి దీపం ముట్టిస్తాండా. ఏమక్కా, నీలం ఎట్లుండాది?”

“బొగ్గు మాదిరుండాది శెట్టీ.”

“ఎరుపు?”

“ఎరుపుకేం, బంగారట్లుండాది.”

“కందిలికి యాభై మార్కులు. ఇప్పుడు గొట్టం కింద?”

“నీలం భేషుగ్గుండాది. ఎరుపు సచ్చిపోయింది.”

“గొట్టానికీ యాభైయ్యే! సూస్తివా అన్నా, మీ మరదల్ని అన్యాయంగా తిడ్తివి.”

“ఏం లైటప్పా ఇది! దీని కింద నువ్వే పాడె మీద పీనుగ మాదిరుండావు.”

“ఆ అద్దంలో నీ మొగం సూసుకో అన్నా. నాకు తోడు దొరికింది.”

“థూ! ఆర్పు ముందు... మే హంపమ్మా, సరేలే, నీ తప్పు లేదు. శెట్టీ, నువ్వు మా ఊరికొచ్చి నలుగుర్లో చెప్పాల, తప్పంతా నీ లైటుదని.”

“చెప్తాలే అన్నా. ఈ చీర పెట్టుకుని అక్కకు తెల్లది ఇస్తా.”

“ఇయ్యి, బిన్నా ఇయ్యి, ఆలస్యం చెయ్యాకు. నేను బండి తిప్పుకోనొస్తా.”

“...పోయినాడా అక్కా?”

“పోయినాడప్పా.”

“అయితే ఒక మాట. నువ్వీ చీర కొన్న దినం కరెంటే లేదు గదా! అరుగు మీదికి తీసుకపోయి, ఎండలో పరిచి సూసి మరీ ఇదే కావాలంటివి.”

“అవును. మరి మా బావ ముందర ఎందుకు చెప్పకుంటివి?”

“ఆయన చేతిలో ములుగర్రుండాది. నా అంగట్లో అద్దాలుండాయి.”

“నీ కడుపు సల్లగుండ! ఆ తెల్లది ఇట్లియ్యి, మా బావ కండ్లకు. ఎర్రది మాత్రం నీ కాడ్నే పెట్టుకోవద్దు. మూట అడుగున పెట్టు.”

“తెలిసి తెలిసి తిరణాలకు దాన్నే కట్టుకోనెందుకు పోతివక్కా? ఆ జనంలో?”

“ఆ జనంలో నన్ను గుర్తుపట్టాల్సినోడు ఒకడుండె.”

“...గుర్తుపట్టినాడా?”

“పట్టినాడు. ఎర్రదానికి సరిపోయే రవికెగుడ్డ కోయప్పా, ఎండలో సూసి కోయి. శుక్రవారం రాజంపేటలో వానితో నా పెండ్లి.”