దయ అనే చిన్న మాట

వెనక గదిలో నానమ్మ సంచి సర్దుతోంది. లా కాలేజీ హాస్టల్ నుంచి రెండు నెలలకి ఇంటికొచ్చిన మనవరాలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"అది కుట్టుమిషను మామ్మ సంచి కదా! నువ్వెందుకు సర్దుతున్నావ్?"

"గది ఖాళీ చెయ్యాలన్నారు మీ తాతయ్య. ఆ దారాల డబ్బా ఇటియ్యి."

"ఇవ్వను. సొంత చెల్లెల్ని వెళ్ళగొడతాడా?"

"అరవకే. ముందు గదిలోనే ఉన్నారు."

"విననీ! ఇరవయ్యెనిమిదేళ్ళు ఈ గదిలో ఉందావిడ."

"ఉంటే? ఇల్లు ఆయనదేగా."

"అదే మాకు పాఠం, నానమ్మా. ఒకరి చోట్లో పన్నెండేళ్ళు బాహాటంగా, ఎవరి దయా లేకుండా ఉంటే, ఉన్నవాళ్ళకి హక్కు రావచ్చు. దయతో ఉంటే మాత్రం వందేళ్ళున్నా రాదు."

"నీ పాఠాలు నాకెందుకులే. కాళ్ళు కడుక్కో."

"ఏటేటా ఆవిడచేత వేలిముద్ర వేయించే కాయితంలో ఏముంది?"

"ఏదో... అన్నాచెల్లెళ్ళ మధ్య మాట."

"'అన్నగారి దయవల్ల, వారి అనుమతితో ఈ గదిలో ఉంటున్నాను.' చిన్నప్పుడు సిరా డబ్బా మూత తీసిచ్చేదాన్ని నేనే."

"చిన్నదానివి. నీకేం తెలుసు?"

"పెద్దయ్యాక మాత్రం తెలిసిందా? క్లాసులో మేడం, ఇలాంటి కాయితం ఎవరైనా చూశారా అంటే గొప్పగా చెయ్యెత్తాను. మా తాతయ్య ఎంత మంచివాడో, చెల్లెలు ఏటా దయ అని రాసిస్తుంది అన్నాను. అందరూ గొల్లుమన్నారు. మేడం మాత్రం నవ్వలేదు. బోర్డు మీద 'దయ' అని రాసి, 'హక్కుకి ఇదీ తాళంకప్ప' అంది. సిగ్గుతో పుస్తకం మూసేశాను నానమ్మా."

"కడుపులో మాట నలుగురిలో కక్కితే అంతే మరి."

"సాక్షి సంతకం నీదేగా?"

"పెట్టమన్నారు, పెట్టాను. నాకేమన్నా చదువా సంధ్యా?"

"పొట్లాల కాయితాలు చదివి నీ అంతట నువ్వే నేర్చుకున్నావుగా!"

"అది తర్వాత."

"ఎంత తర్వాత?"

"ఆ టేపు చుట్టి ఇలా పడెయ్యి."

"నానమ్మా! ఎంత తర్వాత?"

"...మూడో ఏడు. కూడబలుక్కుని చదివాను. రెండక్షరాలేగా, దయ అన్న మాటే ముందొచ్చింది."

"ఛీ! తెలిసీ పాతికేళ్ళు సంతకాలు పెట్టావా?"

"పెట్టకపోతే సర్దుకోవాల్సింది నా సంచి. నేనున్నదీ దయమీదేనే తల్లీ. నాకు కాయితం కూడా లేదు."

"ఆవిడ పక్కనే కూచుని అన్నం తిన్నావు."

"తిన్నాను."

"నువ్వూ తాతయ్యా ఇద్దరూ ఒకటే. చేతులు కడుక్కున్నా పోదు ఆ సిరా."

"పోదు."

"సరే, అయిందేదో అయింది. మా కాలేజీలో ఉచితంగా సలహా చెప్తారు. రేపే మామ్మని తీసుకెళ్తాను. నువ్వూ వచ్చి, చదివి వినిపించకుండా వేలెయ్యించారని చెప్పాలి."

"ఈసారి వినిపించాను."

"ఏంటీ?"

"నువ్వేగా తనకి ఫోన్‌లో చెప్పావుట, చదివించుకుని గానీ వేలెయ్యకు అని."

"అవును, చెప్పాను. అయితే వెయ్యలేదా? మంచి పని చేసింది! ఎక్కడుంది?"

"చదవమని నా చేతికిచ్చింది. దయ దగ్గర ఆపమంది. 'వదినా, నీకిది ఎప్పట్నుంచి తెలుసు?' అంది."

"నువ్వేమన్నావ్?"

"నీకు చెప్పిందే చెప్పాను."

"నానమ్మా... ఆ మిషనులో దారం అలాగే ఉంది. కుట్టు సగంలో వదిలేసి ఎక్కడికెళ్ళిందావిడ?"

"బొత్తాలు కొనుక్కొస్తానంది."

"ఎప్పుడొస్తుంది?"

"మీ తాతయ్య వెతకొద్దన్నారు. తనంతట తానే గది వదిలిందని రాసి, సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నారు."

"పెట్టావా? నన్ను చూసి చెప్పు, పెట్టావా?"

"పెట్టాను. పోయిన నెల మూడో తారీకు, మంగళవారం పొద్దున్న వెళ్ళింది. మళ్ళీ రాలేదు."