విమానానికి అప్ప వడికిన దారం

"తాతా, మామ్మ సంవత్సరీకానికి పిలవడానికొచ్చాను గాని, ముందు ఇది సెప్పు. ఈ బొమ్మ విమానానికి నాలుగు దారాలే ఉన్నాయేటి? మిగతా కన్నాలన్నీ ఖాళీగా ఒదిలేశావేటి?"

అడిగావా. కూకో అమ్మా. ఆ ఫోన్లో మాట పడతాదన్నావు కదా, పడనీ. దాన్ని ముట్టుకోకు, దారం ఊడిపోతాది.

ఇది నిన్నా మొన్నటిది కాదు. నాను నెల్లిమర్లలో మిల్లు పనికి ఫిట్టరుగా సేరిన కొత్తలో కొన్నాను. అప్పుడు జీతం నూట ఎనబై... కాదు, నూట అరవై. ఎనబై తరవాత అయినాది. విశాఖపట్నంలో హార్బరు కాడ ఓడలోళ్ళ సామాన్లమ్మే కొట్టుండేది. అక్కడ అట్టపెట్టెలో ఈ ప్లాస్టిక్ ముక్కలు. అన్నీ అతికితే విమానం. పైనొక రెక్క, కిందొక రెక్క, పాతకాలం యుద్ధాల్లోది. ఇరవై రెండు రూపాయలు. ఆ రోజుల్లో ఇరవై రెండంటే... సర్లే, ధరలు మొదలెడితే పొద్దుపోతాది. మా అయ్య తిట్టేడు. "ఎదవా, ఎగరని ఇమానానికి అంత డబ్బేట్రా" అన్నాడు. సిగ్గేసి ట్రంకుపెట్టి అడుగున ఎట్టేశాను. పెళ్ళి, పిల్లలు, షిఫ్టులు. రిటైరైన ఇన్నేళ్ళకి గాని తియ్యనేదు.

తీసి సూస్తే రెక్క వంగిపోనాది. రెక్కల మీద అంటించీ గుర్తుల కాయితం పొడైపోనాది. నాను ఊరుకునే మనిషిని కాదు కదా. రెక్కని వేన్నీళ్ళలో ముంచి, గాజుపలక మీద బోర్లించి, మూడు రోజులు బరువెట్టి తిన్నగా సేశాను. అతుకుల్లో పుట్టీ ఎట్టి, గోరుకి తగలనంతవరకూ వాటర్ పేపరుతో తోమేను. పెట్టెలో ఇచ్చిన కుర్చీ పిండిముద్దలాగుంటే తీసి పారేసి, మాత్రల రేకు కోసి కొత్తది సేశాను, దానికి బెల్టు కూడా. ఆ లోపలికి ఎవరూ సూడరు. ఐనా సెయ్యాల. ఎవరూ సూడని కాడే మనిషి పనితనం ఉంటాది. మిల్లులో కూడా నాను అంతే. నా కింద పనిసేసినోళ్ళు నా ఎనకాల నన్ను 'తుమ్మముల్లు' అనీవోరు. నాకు తెలుసు. గొప్పగానే ఉండీది.

ఈ రెండు రెక్కల మధ్యా బిగింపు తీగలుండాల. కాయితం మీద బొమ్మలో ఉన్నాయి, పెట్టెలో నేవు. గుండుసూదంత కన్నాలు నానే ఏసేను. దారం ఏదీ? కుట్టుదారం ఏస్తే మోకులాగ కనపడతాది. ఒకరోజు ఫోన్లో మీ మామ్మతో, అదే నా తోడబుట్టిన అక్క, మా అప్పతో అన్నాను. మా అప్ప సంగతి నీకు తెలిసిందే కదా, పొందూరులో యాభయ్యేళ్ళు రాట్నం తిప్పినాది. వాలుగ సేప దవడెముకతో పత్తి దువ్వి, ఏకులు సేసి, కంటికి ఆననంత సన్నం దారం తీసీది. "నాను బతికుండగా నువ్వు దారానికి ఏడుస్తావేట్రా" అన్నాది. అప్పటికే రెండు కళ్ళకీ శుక్లాలు. ఆ కళ్ళతో నెలన్నర వడికినాది. తెగితే మళ్ళీ, తెగితే మళ్ళీ. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు, సూసుండవు.

పాసింజరు బండెక్కి ఒక్కర్తే వచ్చినాది. పదయినాదేమో... కాదు, పదకొండు దాటినాది. దారం అగరొత్తి పుల్లకి సుట్టి, మందుల డబ్బాలో ఎట్టి, కొంగున ముడేసుకుని తెచ్చినాది. కాళ్ళు కడుక్కోకుండానే "సూడరా" అని ఇచ్చినాది.

జానెడు ముక్క కోసి భూతద్దం కింద ఎట్టాను. సన్నమే, అబద్ధమెందుకు. కాని ఒళ్ళంతా నూగు, గొంగళిపురుగులాగ. పని కాడ నాకు మొగమాటం నేదు. "అప్పా, ఇది విమానానికి కాదు, నులకమంచానికి బాగుంటాది" అన్నాను.

నవ్వనేదు. "ఒక్క మాట ఇనరా నాయనా, అది ఇంకా..." అన్నాది. నాను ఇననేదు. "పనికిరాంది పనికిరాదంతే. అప్పవని బాగుందంటే అబద్ధమవుతాది. నాను అబద్ధమాడను" అన్నాను. డబ్బా మూతెట్టి తిరిగి సేతిలో ఎట్టేశాను.

మా ఇంటిది వంటింట్లో అన్నం వారుస్తన్నాది. "వదినా, పది నిమిషాల్లో వడ్డించేస్తాను" అని కేకేసినాది. అప్ప "బండికి టైమైపోతాదే" అని మంచినీళ్ళు తాగి ఎల్లిపోనాది. సాయంత్రం దాకా బండి నేదు. నాకు తెలుసు. స్టేషన్లో ఆకలితో కూకున్నాది కాబోలు. మళ్ళీ మా గుమ్మం తొక్కనేదు. రెండు నెలలకి పోనాది.

ఆ రెండు నెలలూ నానేటి సేశానో తెలుసా? ముక్కలంటుకునుండే ప్లాస్టిక్ పుల్లని దీపం మీద కాచి లాగితే తీగలాగ సాగుతాది. ఆ తీగలే రెక్కలకి బిగించుకుంటూ కూకున్నాను.

అప్ప పోయిన పదోరోజున మీ ఇంట్లో ఒకావిడ, పేరు సెప్పను, మా ఇంటిదాన్ని సూసి "బతికుండగా ముద్ద ఎట్టనేదు, ఇప్పుడు ఏడుపొకటి" అన్నాది. అప్ప ఆ రోజు తినకుండా ఎందుకొచ్చేసినాదో ఎవరికీ సెప్పనేదు. నా పరువు కాసినాది. సెప్పకపోతే ఊళ్ళోవోళ్ళు వోళ్ళకి తోసింది అనుకున్నారు. మీ అమ్మ కూడా. మా ఇంటిది తలెత్తి నాకేసి సూసినాది. నాను నేల సూశాను. అబద్ధమాడనోడిని కదా. నోరిప్పకపోతే అబద్ధం కాదనుకున్నాను.

లేచి అరుగు మీద కూకుంటే, అప్పతో వడికీ ముసిలావిడ వచ్చి "బాబూ, గంజి పట్టించేరా? నూగు అణిగినాదా?" అనడిగినాది. ఏ గంజి అన్నాను. "అదేటి, సెప్పనేదా? ముందే గంజెడితే దారం సుట్టలో అంటుకుపోతాది, వాడింట్లో అన్నం వార్చినాక నానే ఎడతానని ఎల్లినాది కదా" అన్నాది.

ముప్పయ్యేళ్ళు మిల్లులో ఉన్నోడిని. పడుగుకి గంజి పట్టించడం రోజూ సూసినోడిని. ఐనా తట్టనేదు. తప్పెతకడానికి అద్దం పట్టుకున్నోడికి ఇంకేటి కనపడతాది.

ఇంటికొచ్చి ఎతికితే నాను కోసిన ఆ జానెడు ముక్క అద్దం కిందే ఉన్నాది. గంజిలో ముంచి రెండు వేళ్ళ మధ్య లాగేను. నూగంతా పడుకున్నాది. నాలుగు తీగలకి సరిపోనాది. ప్లాస్టిక్ తీగలన్నీ పీకేశాను. మిగతా దారమంటావా? మీ మామ్మ తలకాడ దీపానికి వత్తి సేసేసినాది మీ అమ్మ. ఆ పిల్ల తప్పేటి, దేనికి వడికిందో తెలీదు కదా.

వద్దమ్మా, పొందూరు నుంచి కొత్తది తేవొద్దు. దారం కరువు కాదు నాకు.

సంవత్సరీకానికి మా ఇంటిది రానంటన్నాది, ఇన్నావు కదా. కాలు నొప్పన్నాది. కాలు కాదు. ఏడాది నుంచి ఆ మాట మోస్తన్నాది. నన్ను మాత్రం ఒక్క మాట అననేదు. అంటే బాగుణ్ణు.

నాను వస్తాను. అందరూ విస్తళ్ళ ముందు కూకున్నప్పుడు, ముద్ద కలపకముందే సెప్తాను. ఇది మీ అమ్మకి ముందు ఇనిపించకు. ఫోను సేత సెప్పించడం కూడా దాక్కోవడమే.

నీకేటని దీవించను తల్లీ. నీ పనిలో తప్పుంటే సెప్పే మనిషి నీకు దొరకాల. ఆ మనిషికి నీ మాట అయ్యేదాకా ఆగే ఓపిక ఉండాల. అంతకంటే పెద్ద దీవెన నాకు తెలీదు.

ఊరికి సెప్పే ముందు, లోపలున్నావిడకి సెప్పాల. ఆవిడ ఏదో పప్పు సెరుగుతున్నట్టున్నాది. ఏటని మొదలెట్టాలో... నువ్వు కాసేపు వీధిలో కూకో అమ్మా.