కార్తీకంలో కోళ్ళను అమ్మనివ్వని వీరబ్రహ్మం గారు

1974 జూలై ఒకటో తేదీన శ్రీ వీరబ్రహ్మం గారు మండపేట దగ్గరి కోడిగుడ్ల రైతుల సంఘంలో గుమాస్తాగా చేరారు. సంఘానికి అప్పటికి సొంత కార్యాలయం లేదు. అధ్యక్షులు బుల్లిరాజు గారి ఇంటి అరుగే ఆఫీసు. ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవారు: బుల్లిరాజు గారు, మిరపకాయలు ఎండబెడుతున్న వారి తల్లిగారు, చుట్ట కాలుస్తున్న ఇద్దరు రైతులు, గంప కింద నాలుగు కోళ్ళు.

"ముందు వీటికి దణ్ణం పెట్టుకోవయ్యా, మనకి జీతాలిచ్చేవి ఇవే" అన్నారట అధ్యక్షులు.

నాటి గుడ్లు రాజమండ్రి దాటేవి కావు. షెడ్లు పెరిగి, తినేవారికంటే గుడ్లు ఎక్కువైన కాలంలో, కార్యదర్శిగా ఎదిగిన వీరబ్రహ్మం గారు స్వయంగా కలకత్తా వెళ్ళి, అక్కడి వర్తకులను ఒప్పించి, మన లారీలకు దారి చూపారు.

1998 కార్తీకమాసంలో ఊరంతా నీచు మానేసింది. కోళ్ళు మాత్రం గుడ్లు పెట్టడం మానలేదు. ధర పడిపోయి రైతులు కోళ్ళను తెగనమ్ముతుంటే, భర్త పోయాక షెడ్డే ఆధారమైన రత్తమ్మ గారు కూడా బేరగాణ్ణి పిలిచారు. పదేళ్ళ కూతురు హేమశ్రీ గుంజ వెనక నుంచి చూస్తోంది.

"అందరూ ఇప్పుడే అమ్మేస్తే, చలి ముదిరి కలకత్తా లారీలొచ్చేసరికి గుడ్లెవరి దగ్గరుంటాయమ్మా?" అన్నారు వీరబ్రహ్మం గారు.

"అందాకా ఏం పెట్టి మేపమంటారండి, మీ మాటలా?"

"నా మాటలు తింటే అవీ మీటింగులు పెడతాయి. ముసలివాటిని ఏరి అమ్మేయండి. మిగతావాటికి తవుడూ నూకలూ మిల్లువాళ్ళని నేనడుగుతాను."

అడిగారు, తెచ్చారు. మార్గశిరంలో అడిగేవారు ఎక్కువై, గుడ్లు తక్కువై, లారీలు గుమ్మంలోకే వచ్చి నిలిచాయి. షెడ్డు నిలబడింది, హేమశ్రీ బడి మానలేదు.

ఈ 2004 జూన్ 30న వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఆనాటి సభలో శుభాకాంక్షలు చదవవలసింది హేమశ్రీయే. నలుగురిలో ఆమెకు నోరు పెగలదు. సభ కోసం కొన్న ఎర్ర ఓణీ వేసుకుని, ముందు వారికే చదివి వినిపిద్దామని, షెడ్డు చూడడానికొచ్చిన వీరబ్రహ్మం గారి దగ్గరికి వెళ్ళింది. కాగితం విప్పింది గాని, మాట రాలేదు.

"ఆ ఎర్ర ఓణీ చూసి కోళ్ళు బెదిరితే రేపు గుడ్లుండవమ్మా. బయటుండి చదువు, నేనూ ఇవీ వింటాం" అని ఆయన తాను లోపలే ఉండి షెడ్డు తలుపు మూశారు.

ఎదుట మనిషి కనబడకపోయేసరికి ఆమె గొంతు తెరుచుకుంది.

"తమరు సతీసమేతంగా ఆయురారోగ్యాలతో నూరేళ్ళు వర్ధిల్లి, ప్రతి కార్తీకంలోనూ మా గుమ్మంలో నిలబడి 'అమ్మకండి' అని చెబుతూనే ఉండాలి."