కాటా ఎక్కిన ఆకాశం కొండ

"రాయిని సుత్తితో ఒక్క దెబ్బ కొడితే చాలు, దాని కడుపులో ఏముందో చెప్పేసేవాణ్ణిరా నేను," అన్నారు కాటా మాస్టారు, టీ గ్లాసు బల్ల మీద పెట్టి.

మాస్టారు క్వారీ లారీలను తూచే కాటా పక్కనే ఆ టీకొట్టు. గ్లాసు పక్కన ఒక లారీ తాళంచెవి ఉంది. ఆకాశంలో తిరిగే కొండలను తవ్వి ప్లాటినం దించుతామంటున్న ఒక కంపెనీలో వాటా కొనాలని, అందుకోసం తన సొంత లారీ అమ్మేస్తానని దాని డ్రైవరు పట్టుబట్టాడు. వద్దని భార్య మొత్తుకుంటోంది. లారీ కొనేవాడు అప్పటికే దారిలో ఉన్నాడు. ఆ వ్యాపారంలో లాభముందో లేదో చెప్పమని ఇద్దరూ మాస్టారి దగ్గరికొచ్చారు. ఎప్పుడో కాలేజీలో రాళ్ళ శాస్త్రం చదివింది ఆ చుట్టుపక్కల ఆయనొక్కరే మరి.

"లాభమా? స్వయంగా వెళ్ళొచ్చినవాణ్ణి పట్టుకుని అడిగే మాటేనా అది! నా సుత్తి సంగతి విని ఆ రోజుల్లోనే ఒక కంపెనీవాళ్ళు కారేసుకొచ్చారు. కారంటే గుర్తొచ్చింది, అప్పట్లో కారు తలుపు వేయడం కూడా ఒక విద్యే, మా ప్రొఫెసరుగారు వేలు నలగ్గొట్టుకుని... సరే, అది వదిలెయ్. కారు దింపి రాకెట్టెక్కించారు. కళ్ళు మూసి తెరిచేసరికి ఎదురుగా కొండ! కింద నేల లేదు, పైన కప్పు లేదు, నిద్రలో ఒత్తిగిలుతున్నట్టు ఒంటరిగా, మెల్లగా తిరుగుతోంది. తిరిగి తిరిగి దాని చెంపకి ఎండ తగిలిందీ... ఒరేయ్, ఆ వెలుగు చూశాక నా పేరు నాకు గుర్తురాలేదు. పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని ఎవరూ తాకలేదురా. మన క్వారీ కొండలు దాని ముందు నిన్నటి పిల్లలు."

టీకొట్టావిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "నిజంగా ప్లాటినమేనా అన్నయ్యా?"

"ప్లాటినం పైతొక్కమ్మా! సుత్తితో ఒక్కటిచ్చాను."

"అక్కడ గాలుండదంటారుగా, చప్పుడెలా వినిపించింది బాబాయ్?" అన్నాడు డ్రైవరు.

"చెవులకి కాదురా, ఎముకలకి వినిపించింది. లోపలంతా బంగారం! ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరుకు కొనేవాడు తేలుకుంటూ వచ్చాడు. అలవాటు కొద్దీ మన కాటాని భుజాన వేసుకెళ్ళాను కదా, కొండని దాని మీద పెట్టాను. అంకెలు చూపించే డబ్బాలో సున్నా కదిలితే ఒట్టు! అక్కడ దేనికీ బరువుండదు. బరువు లేని సరుక్కి ధరేమిటండీ అని వాడు మూతి తిప్పుకుని పోయాడు. నాకు రోషమొచ్చింది. కొండకి తాడు కట్టి, మొండి దూడని లాక్కొచ్చినట్టు..."

"కొండనే!"

"మరి గులకరాయినా? సముద్రంలో దించాను. పసిపాపని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దించాను సుమా, అయినా అలలు లేచి చంద్రుడి పాదాలు తడిశాయి. ఆ మెరుపుకి చేపలు తెల్లారిందనుకుని నిద్ర మానేశాయి. చివరికి ఇదిగో, ఈ కాటా మీదికే ఎక్కించాను. అంకెలు డబ్బాలో పట్టక గోడెక్కి, గోడ చాలక రోడ్డు మీద పాకుతూ పోయాయి!"

డ్రైవరు ఊపిరి తీసుకోవడం మరిచిపోయాడు. "విన్నావుటే? బాబాయే చెప్పాక ఇంకేం కావాలి!" అని తాళంచెవి అందుకున్నాడు.

భార్య ఆ చేతి మీద తన చెయ్యేసింది. "ఒక్క మాట మామయ్యా. సముద్రం నుంచి ఇంత దూరం కొండని ఎలా తెచ్చారు? తాడుతోనేనా?"

"పిచ్చిదానా, నేల మీదికొచ్చాక దాని బరువు దానికొచ్చేసింది కదా! తాడాగుతుందా? లారీలో తెచ్చాను."

"ఎవరి లారీలో?"

మాస్టారు దారి వైపు చూశారు. గ్లాసులోకి చూశారు. "ఇంకెవరిదమ్మా... మీ ఆయనదే."

"నాదా! నేనెప్పుడు తోలాను బాబాయ్?" డ్రైవరు నోరు తెరిచాడు. టీకొట్టావిడ అటు తిరిగి భుజాలు ఊగేలా నవ్వుతోంది.

భార్య అతని వేళ్ళ మధ్య నుంచి తాళంచెవి మెల్లగా లాక్కుని గుప్పిట్లో పెట్టుకుంది.

"కొండ ఎక్కణ్ణుంచి దిగినా మొయ్యడానికి లారీ కావాలటయ్యా. లారీ కొనడానికి వచ్చేవాణ్ణి టీ తాగి వెళ్ళమను."