సర్వేలోకి రాని నోరు

సభను నడిపిస్తున్న ఉపకులపతిగారికి, నాకంటే ముందే రిటైరై ఇవాళ నాకోసం పనిగట్టుకుని వచ్చిన పెద్దలకు, స్నేహితులకు, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు నమస్కారం. ఉపకులపతిగారు మాట్లాడటం మొదలుపెడితే ఆపగలిగినవాళ్ళు లేరంటారు. నేను ముప్పావుగంట ఆపాను, నోరు బార్లా తెరిపించి మరీ. (నవ్వులు)

ఇరవై ఆరేళ్ళు ఈ విశ్వవిద్యాలయం పళ్ళు చూశాను. పరీక్షల వారంలో చిగుళ్ళు వాచి వచ్చే పిల్లలు, ఇంటర్వ్యూకి గంట ముందు ముందుపన్ను విరగ్గొట్టుకున్న పరిశోధక విద్యార్థిని, దవడ బంతిలా ఉబ్బినా "నొప్పేం లేదు, ఊరికే చూపిద్దామని" అనే ప్రొఫెసరుగారు (ఎవరో ఆయనకే తెలుసు, తల దించుకున్నారు). సన్మానపత్రంలో నా దంత ఆరోగ్య సర్వే గురించి "ఒక్కరినీ వదలకుండా" అని రాశారు. ఆ మాట చదువుతుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఎందుకో చెప్పి ముగిస్తాను.

తలుపు దగ్గర, ఎంత రమ్మన్నా లోపలికి రాకుండా నిలబడ్డారే, ఆవిడ మా అక్క. తోడబుట్టలేదు. పదిహేడేళ్ళుగా నా గది తాళం తీసి, పరికరాలు మరిగించి అందించే మనిషి. సర్వే ఫారాలు మూడు వేల పైచిలుకు, విభాగాలవారీగా కట్టలు కట్టింది కూడా ఆవిడే. పోయిన నెల ఇద్దరం టీ తాగుతుంటే, తల పక్కకి వాల్చి ఒకవైపు నుంచే గుటక వేయడం చూశాను.

"అక్కా, ఎన్నాళ్ళయింది ఇలా?"

"ఎడంపక్క నమలక ఆరేళ్ళయింది డాక్టరమ్మా. అలవాటైపోయిందిలే."

"నాకు చెప్పొద్దూ?"

"మన గది బయట బోర్డు మీద విద్యార్థులకు, ఉద్యోగులకు అనే కదా ఉంది? నేను కాంట్రాక్టుదాన్ని. సర్వే జాబితాలోనూ మావాళ్ళ పేర్లు లేవు, వెతికాను. నాకు చూస్తే మీకు మాట వస్తుందని ఊరుకున్నా."

ఆ బోర్డు రాయించింది నేను. జీతాల ఆఫీసు ఇచ్చిన పేర్లే అందరూ అనుకుని జాబితా చేసింది నేను. ఊడ్చేవాళ్ళు, హాస్టల్లో వండేవాళ్ళు, గేటు దగ్గర నిలబడేవాళ్ళు, ఎవరూ లేరందులో. పంటినొప్పితో ఉన్న మనిషి చేతినుంచే ఆరేళ్ళు పట్టకారు అందుకున్నాను. సిగ్గుగా ఉందండీ, ఇంతకంటే వేరే మాట దొరకడం లేదు.

నిన్న ఉపకులపతిగారు కొత్త బోర్డుకి ఒప్పుకున్నారు. "ఈ ఆవరణలో పనిచేసే ప్రతి ఒక్కరికీ" అని ఉంటుంది. వారికి నా కృతజ్ఞతలు. అయినా అక్క మాత్రం ఇంకా కుర్చీ ఎక్కలేదు. గట్టిగా నిలదీస్తే నిన్న సాయంత్రం అసలు సంగతి బయటపెట్టింది. "భయం డాక్టరమ్మా. ఎవరు భయపడ్డా చెయ్యి పట్టుకునేది నేనే కదా. నేనెక్కితే ఎవరు పట్టుకుంటారు?"

ఐదింటికి తాళంచెవి అప్పగించాలి, ఇంకా గంటన్నర ఉంది. నా స్థానంలో వచ్చిన అమ్మాయి గదిలో సిద్ధంగా ఉంది, నాకంటే నెమ్మదైన చెయ్యి. పళ్ళ సంగతి తను చూసుకుంటుంది. శాలువా, పూలు ఇక్కడే ఉంచండి, నాకు రెండు చేతులూ ఖాళీగా కావాలి. ఇన్నేళ్ళు భరించినందుకు అందరికీ ధన్యవాదాలు. పద అక్కా, నేను పట్టుకుంటాను. సెలవు.