నవల్లో ఇద్దరు పిల్లలు

కాటన్‌పేటలో మా వంటిల్లు. భర్తను పోగొట్టుకున్న నా కూతురు మళ్ళీ పెండ్లికి ఒప్పుకుంది. ఆమె లైబ్రరీ నుంచి అద్దెకు తెచ్చిన నవలను నేను కూడబలుక్కుంటూ ఆ మధ్యాహ్నమే ముగించాను.

"ఎట్లుండాదమ్మా కథ?" అని అడిగింది, రాగిపిండి జల్లిస్తూ.

"బాగుండాది. పెండ్లాం పోయినాయన, మొగుడు పోయినామె. చెరొక బిడ్డ. పెండ్లి చేసుకునిరి. నాకే గుండె దడ తగ్గల్యా."

"నీకు పెండ్లి పత్రిక చూసినా దడే! ఆఖర్లో అందరూ సంతోషంగా ఉండారు కదా?"

"ఆఖర్లో ఆయన ఇద్దరు బిడ్డల్నీ చెరొక చంకన ఎత్తుకోని ఇంట్లోకొస్తాడు. నువ్వు చేసుకోబోయే ఆయప్ప కూతురు ఎక్కడుండాది?"

"మాలూర్లో, వాళ్ళవ్వ దగ్గిర."

"తల్లి పోయినప్పటి నుంచీనా?"

"ఊ. ఆయనకి ఫ్యాక్టరీలో షిఫ్టులు కదమ్మా."

"మాలూరికి రైలుండాది. పోయి చూసొస్తాడా?"

"దసరాకి పోయొచ్చినాడు."

"ఇప్పుడు ఉగాది వస్తాండాది."

"నీకు తప్పులు ఎతకడమే పని."

"పెండ్లయినాక ఆ పాపని పిలిపించుకుంటాడా?"

"నేను అడగల్యా."

"మరి నీ బిడ్డ మంజు? దాన్ని నీ వెంట తీసకపోతావు కదా?"

జల్లెడ చప్పుడు ఆగిపోయింది. నా కూతురు తల ఎత్తలేదు.

"కొన్నాళ్ళు నీ దగ్గిరే ఉండనీ అన్నాడమ్మా."

"ఆ పాపకి గూడా కొన్నాళ్ళనే చెప్పింటాడు."